డిప్రెస్డ్: ఆ మాట అర్థం, పుట్టుక, మన వాడుక (తరచుగా అడిగే ప్రశ్నలు)

శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. ఏ పాఠం చెబుతున్నా మళ్ళీ మళ్ళీ ముందుకొచ్చే విశేషణం ఇది. నరసన్నపేట, టెక్కలి, ఆమదాలవలస వైపు నుంచి వచ్చే పిల్లలూ, వాళ్ళ ఇళ్ళల్లో పెద్దవాళ్ళూ అడిగిన ప్రశ్నల్ని ఒకచోట చేర్చాను. కొన్నిటికి ఒక్క వాక్యం చాలు. కొన్నిటికి తీరిగ్గా కూర్చోవాలి.

డిప్రెస్డ్ అంటే ఒక్క ముక్కలో ఏమిటి?

కుంగిపోయిన. మనిషి గురించి చెప్పినప్పుడు, మనసు కుంగి, దేని మీదా ఆసక్తి లేక, ఒంట్లో సత్తువ తీసేసినట్టున్న స్థితిలో ఉన్న అని అర్థం. దీని నామవాచకం డిప్రెషన్, క్రియ డిప్రెస్.

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

లాటిన్ నుంచి. లాటిన్‌లో ప్రెమెరె అంటే నొక్కడం. దాని ముందు కిందికి అనే అర్థమిచ్చే డె చేరితే డెప్రిమెరె, అంటే కిందికి నొక్కేయడం. అందులోంచి వచ్చిన డెప్రెసుస్ అనే రూపానికి కిందికి నొక్కేసిన అని అర్థం. పాత ఫ్రెంచి మీదుగా ఇది ఇంగ్లీషులోకి దిగింది.

మొదట్లో ఈ మాటకి మనసుతో పెద్దగా పని లేదు. 14వ శతాబ్దం చివర్లో డిప్రెషన్ అనేది ఖగోళ శాస్త్రం మాట. ఒక నక్షత్రం దిగంతానికి ఎంత కిందుందో చెప్పే కోణాన్ని అలా అనేవారు. 15వ శతాబ్దంలో అణచడం, లొంగదీయడం అనే అర్థాల్లో డిప్రెస్ వాడారు. మనిషి మనసు కుంగిందని చెప్పడానికి డిప్రెస్డ్ వాడుక 17వ శతాబ్దంలో స్థిరపడింది.

దీని చుట్టాలు మనకి రోజూ ఎదురవుతూనే ఉంటాయి. కుక్కర్ ముందుండే ప్రెషర్, అక్షరాల్ని కాగితం మీద అదిమే ప్రింటు, బట్టలు నొక్కే ప్రెస్, పేపరువాళ్ళ ప్రెస్, అన్నీ ఆ ప్రెమెరె సంతానమే. లోపలున్నది బయటికి నొక్కితే ఎక్స్‌ప్రెస్. ఎదుటివాడి మీద ముద్ర వేస్తే ఇంప్రెస్. మీద పడి అణిస్తే ఒప్రెస్. కిందికి నొక్కేస్తే డిప్రెస్.

నొక్కేసిన అంటున్నారు కదా, నొక్కింది ఎవరు?

ఈ ప్రశ్న అడిగిన పిల్లకి క్లాసంతా వినేలా శభాష్ చెప్పాను. నాకు ఈ మాట మీద ఇంత పట్టింపు ఉండడానికి కారణం కూడా అదే.

వ్యాకరణం ప్రకారం డిప్రెస్డ్ కర్మణి రూపం. విరిగిన కొమ్మ అన్నప్పుడు కొమ్మ తనంత తాను విరిగిందో, ఎవరైనా విరిచారో తెలియదు. డిప్రెస్డ్‌లో అలా కాదు. అది నొక్కబడిన అని చెబుతోంది కాబట్టి నొక్కినది ఒకటి ఉండి తీరాలి. వాక్యంలో దాని పేరు మాత్రం ఉండదు. ఆయన డిప్రెస్డ్ అనేసి ఊరుకుంటే అప్పు గురించీ, జబ్బు గురించీ, కొట్టుకుపోయిన తోట గురించీ, ఇంట్లో రోజూ పడే మాటల గురించీ ఎవరూ అడగరు. ఒక్కోసారి బయట ఏ కారణమూ కనిపించదు. మెదడు, నరాలు, వంశం, కాన్పు తర్వాత ఒంట్లో వచ్చే మార్పులు, థైరాయిడ్ లాంటి జబ్బులు కూడా నొక్కుతాయి. ఏది నొక్కినా, నలుగుతున్న మనిషిని నీకు గుండెధైర్యం లేదని నిందించడం తప్పు. ఈ మాట పుట్టుక తెలిసినవాళ్ళెవరూ ఆ నింద వేయరని నా నమ్మకం.

తెలుగులో దీనికి సరైన మాట ఏది?

పత్రికలు, వైద్యులు కుంగుబాటు అని రాస్తున్నారు. మంచి మాట. పొద్దు క్రుంకడం, నేల కుంగడం, మనసు కుంగడం, ఏది విన్నా కిందికి దిగిపోవడమే కళ్ళ ముందుకొస్తుంది. అయితే మనకి ఈ చుట్టుపక్కల అర్థాలకి చాలా మాటలున్నాయి. వాటన్నిటినీ పక్కనపెట్టి ఒక్క డిప్రెషన్‌తో సరిపెట్టుకుంటే మన బాధని మనమే సగం చెప్పినవాళ్ళమవుతాం.

బెంగ ఉందంటే ఎవరి మీదో ఉండాలి. "గుంటడు తల్లి మీద బెంగెట్టుకున్నాడు" అంటాం గానీ, ఊరికే బెంగెట్టుకున్నాడు అనం. చెన్నైకో హైదరాబాదుకో పనికి పోయి, భవన నిర్మాణం షెడ్డులో పడుకుని రాత్రి ఫోను చేసే మన జిల్లా మనిషి చెప్పేది బెంగ. దానికి మందు ఊరు, ఇల్లు, మనుషులు.

దిగులు జరిగిపోయినదాని మీదా, జరగబోయేదాని మీదా ఉండొచ్చు. ఒక్కోసారి దేనికో తెలియకుండా కూడా సాయంత్రానికి కమ్ముకొస్తుంది. గుబులు మాత్రం భయంతో కలిసినది. వేటకెళ్ళిన పడవ పొద్దెక్కినా ఒడ్డుకి చేరకపోతే ఇంటి ఆడవాళ్ళకి పట్టేది గుబులు. నిరాశ ఆశ పోవడం.

ఇక నిస్పృహ. సంస్కృతంలో స్పృహ అంటే కోరిక. మనం దాన్ని తెలివి, మెలకువ అనే అర్థంలో వాడుకుంటున్నాం గానీ నిస్పృహలో పాత అర్థం అలాగే నిలబడింది. ఏ కోరికా లేకపోవడం. ఇష్టమైన కూర వండినా తినాలనిపించకపోవడం, మనవడు ఒళ్ళోకొచ్చినా సంతోషం రాకపోవడం. డాక్టర్లు డిప్రెషన్‌కి ముఖ్యమైన గుర్తుల్లో ఒకటిగా చూసేది సరిగ్గా దీన్నే. ఏడుపు కంటే కూడా ఇది పెద్ద గుర్తు. ఏడుస్తున్న మనిషిని నలుగురూ గమనిస్తారు, ఏదీ వద్దనిపించి గోడవైపు తిరిగి పడుకున్న మనిషిని బద్ధకస్తుడంటారు.

మన పాతవాళ్ళకి ఈ స్థితి తెలుసా, లేక ఇంగ్లీషు చదువుతో వచ్చిందా?

మాట ఇంగ్లీషుతో వచ్చింది. స్థితి ఎప్పుడూ ఉంది.

భగవద్గీత మొదటి అధ్యాయం పేరే అర్జున విషాద యోగం. అక్కడ అర్జునుడు తన మనసు గురించి చెప్పేముందు ఒంటి గురించి చెబుతాడు: "సీదంతి మమ గాత్రాణి ముఖం చ పరిశుష్యతి." అవయవాలు పట్టుతప్పుతున్నాయి, నోరు ఎండిపోతోంది. తర్వాత వణుకు, చేతిలోంచి జారిపోయే విల్లు, నిలబడలేకపోవడం. ఇందులో సీదంతి అనే క్రియా, విషాదం అనే నామమూ రెండూ సద్ అనే ఒకే ధాతువు నుంచి వచ్చాయి. కూలబడడం, కుంగడం దాని అర్థాలు. అంటే లాటిన్ వాడికి నొక్కేయడం, సంస్కృతం వాడికి కూలబడడం, తెలుగువాడికి కుంగడం. మూడు భాషలూ దిశని ఒకేలా పట్టుకున్నాయి.

ఆయుర్వేద గ్రంథం చరక సంహిత వాత దోషం వల్ల వచ్చే 80 వికారాల్లో విషాదాన్ని కూడా లెక్కపెట్టింది. నాట్యశాస్త్రం చెప్పే 33 సంచారీ భావాల్లో, అంటే మనసులో వచ్చిపోయే భావాల్లో, నిర్వేదం, గ్లాని, దైన్యం, చింత, జడత, విషాదం వేరువేరుగా ఉన్నాయి. ఆరు పేర్లు! బాధలో ఇన్ని రకాలు గుర్తుపట్టి పేరుపెట్టిన భాషల వారసులం. మనకి మాట లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

పీడ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సంస్కృతంలో పీడ్ ధాతువుకి నొక్కడం, పిండడం, బాధపెట్టడం అనే అర్థాలున్నాయి. పీడకల, పీడితుడు, పీడ విరగడైంది, అన్నీ ఆ నొక్కుడే. భౌతికశాస్త్రంలో ప్రెషర్‌ని పీడనం అన్న తెలుగువాళ్ళు సరైన మాటే ఎంచుకున్నారు.

వాయుగుండాన్ని ఇంగ్లీషులో డిప్రెషన్ అంటారేం?

మన తీరంలో పుట్టినవాళ్ళకి ఈ అనుమానం రాకపోతేనే ఆశ్చర్యం. చాలామంది పిల్లలు డిప్రెషన్ అనే మాటని మొదట విన్నది టీవీలో వాతావరణ వార్తల్లోనే.

గాలి బరువుని కొలిచే భారమితిలో పాదరసం సముద్రమట్టం దగ్గర మామూలుగా 76 సెంటీమీటర్ల ఎత్తున నిలబడుతుంది. ఒకచోట గాలి పీడనం తగ్గితే ఆ పాదరసం కిందికి దిగుతుంది. ఆ దిగుడుని డిప్రెషన్ అన్నారు. తర్వాత అలాంటి దిగుడున్న వాతావరణానికే ఆ పేరు స్థిరపడింది. అంటే ఇక్కడ నొక్కుడు పెరగలేదు, తగ్గింది. మనిషి విషయంలో డిప్రెషన్ అంటే మీద బరువు పెరగడం, గాలి విషయంలో డిప్రెషన్ అంటే బరువు తగ్గడం. రెండిటికీ ఉమ్మడిగా ఉన్నది కిందికి దిగడం ఒక్కటే.

భారత వాతావరణ శాఖ లెక్కలో గాలి వేగం గంటకి 31 కిలోమీటర్ల లోపుంటే అల్పపీడనం. 31 నుంచి 49 వరకు వాయుగుండం, అంటే డిప్రెషన్. 50 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం. 62 దాటితే తుపాను, దానికి పేరు పెడతారు. కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వినగానే పడవలు ఒడ్డుకి లాగేస్తారు.

తిత్లీ తుపాను కూడా ముందు డిప్రెషనే. 2018 అక్టోబరు 8న బంగాళాఖాతంలో వాయుగుండంగా ఉన్నది, 11వ తేదీ తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటేసరికి గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు నేలకొరిగాయి. నాటురకం కొబ్బరి మొక్క పాతితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. కొడుకు చదువుకీ కూతురు పెళ్ళికీ ఆ చెట్లనే నమ్ముకున్న రైతు, వేళ్ళతో సహా లేచి అడ్డంగా పడున్న చెట్టు మొదలు దగ్గర కూర్చుంటే, అతని స్థితికి ఏ పేరు పెడతాం? అదే ఉద్దానంలో కారణం ఇంకా పూర్తిగా తేలని కిడ్నీ జబ్బు ఏళ్ళ తరబడి మనుషుల్ని తింటోంది. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్ళాల్సిన మనిషి ఉన్న ఇళ్ళల్లో చెట్లూ పోయాయి. ఆ ఊళ్ళకి సాయం చేయడానికి వెళ్ళినవాళ్ళు బియ్యం, టార్పాలిన్లతో పాటు మాట్లాడించే మనుషుల్ని కూడా తీసుకెళ్ళాలి. ఈ మాట నేను ఎక్కడ సందు దొరికినా చెబుతూనే ఉంటాను.

ఆర్థిక మాంద్యాన్ని కూడా డిప్రెషన్ అంటారా?

అంటారు. 1929లో అమెరికాలో మొదలై ప్రపంచమంతా పాకిన దాన్ని గ్రేట్ డిప్రెషన్, తెలుగులో మహా మాంద్యం అంటున్నాం. వ్యాపారం, ధరలు, ఉద్యోగాలు పడిపోవడం. మాంద్యం అంటే మందగించడం, ఆకలి మందగిస్తే అగ్నిమాంద్యం అన్నట్టే.

పాత చరిత్ర పుస్తకాల్లో డిప్రెస్డ్ క్లాసెస్ అని ఉంది. వాళ్ళు దిగులుగా ఉన్నవాళ్ళా?

కాదు. బ్రిటిష్ కాలంలో అంటరానివారుగా చూడబడిన కులాలకి ప్రభుత్వం, సంస్కర్తలు వాడిన పేరు అది. అణగదొక్కబడిన వర్గాలని అర్థం. తెలుగులో అణగారిన వర్గాలు అంటున్నాం. 1932 సెప్టెంబరులో కుదిరిన పూనా ఒప్పందంలో కూడా ఈ పేరే ఉంది. 1935 భారత ప్రభుత్వ చట్టంతో షెడ్యూల్డు కులాలు అనే పేరు వచ్చింది. ఆ లోపలే మనవాళ్ళు ఇతరులు పెట్టిన పేర్లని కాదన్నారు. 1917లో విజయవాడలో సంస్కర్త భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచమ మహాసభగా తలపెట్టినది ఆది ఆంధ్ర మహాసభ అయింది. పంచములం, అంటే నాలుగు వర్ణాలకి బయటున్న ఐదోవాళ్ళం కాదు, ఈ నేల మొదటి మనుషులం అన్నారు.

డిప్రెస్డ్ క్లాసెస్ అనే పేరులో కూడా నొక్కినవాళ్ళ ప్రస్తావన లేదని గమనించండి.

మెలాంకలీ అనే మాట కూడా ఉంది కదా, దానికీ దీనికీ ఏమిటి సంబంధం?

డిప్రెషన్ కంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్నది మెలాంకలీయే. గ్రీకులో మెలాస్ అంటే నలుపు, ఖొలే అంటే పిత్తం. ఒంట్లో రక్తం, శ్లేష్మం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అని నాలుగు రసాలుంటాయనీ, నల్ల పిత్తం ఎక్కువైతే మనిషి దిగులుపడిపోతాడనీ గ్రీకు వైద్యులు నమ్మారు. మన ఆయుర్వేదంలో వాత పిత్త కఫాలు మూడే, నల్ల పిత్తం లేదు. అయినా దిగులుకి మూలం ఒంట్లోనే వెతకాలన్న ఆలోచన రెండుచోట్లా ఉంది.

ఆ సిద్ధాంతం పోయినా పేరు రెండువేల ఏళ్ళకి పైగా నిలిచింది. 19వ శతాబ్దంలో వైద్యులు డిప్రెషన్ అనే మాట వైపు జరగడం మొదలుపెట్టారు. 1899లో జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ మానిక్ డిప్రెసివ్ అనే జంట పేరు స్థిరపరిచాడు. స్విట్జర్లాండులో పుట్టి అమెరికాలో పనిచేసిన అడాల్ఫ్ మేయర్ 20వ శతాబ్దం మొదట్లో మెలాంకలియా బదులు డిప్రెషన్ అనడమే మంచిదని వాదించాడు. కారణం తేలనప్పుడు కారణాన్ని పేరులో పెట్టకూడదన్న జాగ్రత్త అందులో కనిపిస్తుంది.

శాడ్‌కీ డిప్రెస్డ్‌కీ తేడా ఏమిటి? మార్కులు తక్కువొస్తే డిప్రెస్డ్ అనొచ్చా?

ఇంగ్లీషు మాటల్లో మామూలుగా అనొచ్చు, తప్పేమీ లేదు. ఇంగ్లీషువాళ్ళు కూడా రెండు రోజుల దిగులుకి ఆ మాట వాడతారు. వైద్యంలో మాత్రం కొలత ఉంది.

అమెరికా మానసిక వైద్యుల సంఘం పెట్టిన కొలతలో తొమ్మిది లక్షణాలున్నాయి. దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, తిండిలోనో బరువులోనో తేడా, నిద్ర పట్టకపోవడమో అతిగా పడుకోవడమో, కదలికలు నెమ్మదించడమో కుదురు లేకపోవడమో, నీరసం, నేను పనికిరానన్న భావన, దృష్టి నిలవకపోవడం, చావు గురించిన ఆలోచనలు. వీటిలో కనీసం ఐదు, రెండు వారాల పాటు, దాదాపు ప్రతిరోజూ ఉండాలి. ఆ ఐదులో మొదటి రెండిట్లో ఒకటైనా ఉండి తీరాలి. పనిమీదా, మనుషులతో మెలగడంమీదా దాని ప్రభావం పడాలి. లెక్క పెట్టుకోవడం మనకి మనం తీర్పు ఇచ్చుకోవడానికి కాదు, డాక్టరు దగ్గరికెళ్ళాలా వద్దా అని తేల్చుకోవడానికి. చావు ఆలోచన వస్తే మాత్రం మిగతావి లెక్కపెట్టకుండా, రెండు వారాలు ఆగకుండా వెళ్ళాలి.

ఫలితాలొచ్చిన రోజు ఏడ్చి, మర్నాడు స్నేహితురాలితో కలిసి సప్లిమెంటరీకి ఫీజు కట్టడానికెళ్ళిన అమ్మాయి బాధపడింది. నెలరోజులైనా పుస్తకం తెరవక, జడ వేసుకోక, ఎవరు పిలిచినా పలకని అమ్మాయి సంగతి వేరు. రెండిటికీ ఒకే మాట వాడేసరికి రెండో అమ్మాయి చెప్పింది కూడా ఇంట్లోవాళ్ళకి మొదటి అమ్మాయి మాటలాగే వినిపిస్తోంది.

డిప్రెస్డ్, డిప్రెసింగ్: ఏది ఎప్పుడు?

మనిషి డిప్రెస్డ్. కుంగదీసే వార్త, సినిమా, వాన డిప్రెసింగ్. ఐ యామ్ డిప్రెసింగ్ అని రాస్తే నన్ను చూస్తే మీకు కుంగుబాటు వస్తుందని అర్థం. పరీక్ష పేపర్లలో ఏటా కనిపించే పొరపాటు ఇది. బోర్డ్, బోరింగ్ కూడా ఇదే లెక్క.

ఎలా పలకాలి?

రాసేటప్పుడు చివర డి అక్షరం ఉన్నా నోట్లో వచ్చేది ట్ శబ్దం. డిప్రెస్ట్ అన్నట్టు. ఒత్తు ప్రె మీద. తెలుగులో రాసేటప్పుడు అలవాటైన డిప్రెస్డ్ అనే ఉంచుకోవచ్చు.

బాధకి సంబంధించిన ఇంగ్లీషు మాటల్లో ఇలా బొమ్మ దాగినవి ఇంకా ఉన్నాయా?

చాలా ఉన్నాయి. ఇవి చెప్పేటప్పుడు నాకు గంట తెలియదు.

గ్రీఫ్ లాటిన్ గ్రావిస్ నుంచి వచ్చింది, అంటే బరువైన. గ్రావిటీ దాని తోబుట్టువు. మనం గుండె బరువెక్కింది అంటాం. యాంగ్విష్, యాంగ్జయిటీ రెండూ ఇరుకు, గొంతు నులమడం అనే అర్థాలున్న లాటిన్ మాటల సంతతి. మనకి గొంతు పూడుకుపోతుంది, ఊపిరి సలపదు. డిస్‌ట్రెస్ అంటే అటూ ఇటూ లాగి బిగించడం. డిజెక్టెడ్ అంటే కిందికి విసిరేసిన. హారోయింగ్ దుక్కి పనిలోంచి వచ్చింది, దున్నిన నేలలో బెడ్డలు చితగ్గొట్టే పళ్ళున్న పనిముట్టు పేరు హారో. ట్రిబ్యులేషన్‌లో ఉన్నది కంకుల్లోంచి గింజ రాల్చడానికి వాటి మీద ఈడ్చే నూర్పిడి బల్ల. కళ్ళంలో నూర్పు చూసిన పిల్లలకి ఈ రెండు మాటలూ ఒక్కసారి చెబితే చాలు, మరి మరిచిపోరు.

మా ఇంట్లో పెద్దవాళ్ళు ఈ మాట వాడరు. వాళ్ళు కుంగిపోతే ఎలా తెలుస్తుంది?

వాళ్ళు ఒంటి భాషలో చెబుతారు. అర్జునుడు చెప్పినట్టే. మనం వినాలి.

"ఏటోనమ్మా, అన్నం సయించడం నేదు." "నిద్దరట్టడం నేదు, తెల్లారగట్టే మెలకువొచ్చేస్తంది." "గుండెల్లో బరువెట్టినట్టుంది." "కాళ్ళు లాగేస్తన్నాయి, పనికెళ్ళ బుద్ధవట్లేదు." ఈ మాటలతో పెద్దావిడని ఆసుపత్రికి తీసుకెళ్తే రక్తపరీక్ష, గుండె పరీక్ష చేసి అంతా బాగానే ఉందని పంపేయడం చూస్తుంటాం. బాగానే ఉందన్న కాగితం పట్టుకుని ఆవిడ ఇంకా కుంగిపోతుంది, ఎందుకంటే ఆవిడకి బాగాలేదు. పరీక్షలు చేయించండి, అవి అవసరం. ఆ తర్వాత కూడా ఆవిడ మాట నమ్మండి. తెల్లవారుజామున మెలకువ వచ్చేసి మళ్ళీ నిద్ర పట్టకపోవడం, ఆకలి పోవడం డాక్టర్లు కుంగుబాటులో వెతికే గుర్తులే.

మన వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు సవర గిరిజనుల మధ్య కూర్చుని, వాళ్ళ నోట వచ్చిన మాటని వచ్చినట్టు రాసుకుని నిఘంటువులు కట్టారు. మన తెలుగుకీ అదే పట్టుబట్టారు, జనం మాట్లాడేదే రాయాలని. ఆసుపత్రి చీటీ మీద కూడా అదే పద్ధతి కావాలని నా కోరిక. నేదు అన్నదాన్ని లేదు అని దిద్దనక్కర్లేదు. అమ్మ ఏ మాట అందో ఆ మాటనే డాక్టరుకి చెప్పండి.

ఎవరైనా "డిప్రెస్డ్‌గా ఉంది" అంటే నేనేం చెప్పాలి?

ధైర్యంగా ఉండు, అందరికీ ఉండేవే, వాళ్ళని చూడు ఎంత కష్టంలో ఉన్నారో, ఈ మూడూ చెప్పకండి. పక్కన కూర్చుని "ఏటైనాది బావూ, అలా డీలా పడిపోనావు?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. జవాబు వెంటనే రాకపోవచ్చు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగొచ్చు, అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. అవునంటే ఒంటరిగా వదలకండి, పురుగుమందు లాంటివి అందకుండా తీసేయండి, అదే రోజు డాక్టరుకి చూపించండి.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. కుటుంబసభ్యులు కూడా చేసి సలహా అడగొచ్చు. మనకి దగ్గర్లో శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది, ఇంకా పెద్ద వైద్యం కావాలంటే విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికెళ్ళినంత మాత్రాన పిచ్చి అని ముద్ర వేసేవాళ్ళ మాట పట్టించుకోవద్దు.

కాలేజీకి, ఆఫీసుకి సెలవు చీటీ రాయాలి. ఐ యామ్ డిప్రెస్డ్ అని రాయొచ్చా?

రాయొచ్చు, అది మీ ఇష్టం. రాయాలన్న నియమం మాత్రం లేదు. ఆరోగ్యం బాగాలేదు, వైద్యుడి సలహా మీద విశ్రాంతి తీసుకుంటున్నాను అంటే అబద్ధం కాదు, కుంగుబాటు కూడా ఆరోగ్యం బాగాలేకపోవడమే. ఇంగ్లీషులో అన్‌వెల్ అనే మాట సరిపోతుంది. డాక్టరు చీటీ ఉంటే జతచేయండి. నమ్మకమైన లెక్చరరో పై అధికారో ఉంటే అసలు సంగతి నోటితో చెప్పుకోవడం మేలు. పరీక్ష ఫీజు గడువు, హాజరు లాంటివి వాళ్ళు ముందే చూసిపెట్టగలుగుతారు.